బ్రేకు మాస్టారి రిమోటు కారు

మనిషి ఒంట్లో ఏ అవయవానికి కీర్తి దక్కాలో నిర్ణయించేది అతని వృత్తి. పాటగాడికి గొంతు, పహిల్వానుకు భుజం, వంటవాడికి నాలుక. బ్రేకు మాస్టారికి మాత్రం కుడికాలు. ఆ కాలే లేకపోతే ఊళ్ళో సగం కరెంటు స్తంభాలు ఈపాటికి నేలకొరిగేవి. వాటికింద నిలబడి కబుర్లు చెప్పుకునే పెద్దమనుషుల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆయనది డ్రైవింగు స్కూలు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటే, ఆయన పక్కసీట్లో కూర్చుంటారు. ఆయన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. అవతలివాళ్ళకు భయం పుట్టేలోపే ఆ బ్రేకు పడిపోతుంది. అందుకే ఆయన శిష్యులకు డ్రైవింగు వచ్చినా రాకపోయినా భయం మాత్రం రాదు. ఆ కారులో మూడో గేరు అనేది దూరపు చుట్టం లాంటిది. ఉందని అందరికీ తెలుసు, పలకరించే సందర్భమే రాలేదు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ కాలికి డ్యూటీ దిగడం తెలియదు. బస్సెక్కితే డ్రైవరు కన్నా ముందు మాస్టారి కాలు తొక్కుతుంది. మంగలి కత్తెర చెవి దగ్గరికి వస్తే తొక్కుతుంది. ఇంటావిడ కూరలో రెండో చెంచా ఉప్పు వెయ్యబోతే, వంటింటి గుమ్మం దగ్గర ధన్‌మని చప్పుడవుతుంది. భోజనాల బల్ల కింద పరిచిన చాప ఆయన కూర్చునే చోట మాత్రమే చిరిగిపోయి ఉంటుంది. దానికి ఆవిడ ఎన్నిసార్లు మాసికలు వేసిందో లెక్కలేదు.

ఆవిడ మాసికలు కూడా మామూలుగా వెయ్యదు. ఆవిడ టైలరమ్మ. ముందుగదిలో మోటారు మిషను పెట్టుకుని బజారు దుకాణాలకు చొక్కాలు కుడుతుంది. మిషను పెడలు మీద ఆవిడ పాదం, కారు పెడలు మీద ఆయన పాదం. ఒకరిది నడిపించే కాలు, ఇంకొకరిది ఆపే కాలు. సంసారం ఆ రెంటి మధ్యా సజావుగానే సాగింది, ఒక్క విషయంలో తప్ప.

పెళ్ళైన కొత్తలో ఆయన ఆవిడకు కారు నేర్పబోయారు. సందు ఈ చివర బయల్దేరి ఆ చివరకు చేరేసరికి మాస్టారు తొక్కిన బ్రేకులకు ఆవిడ కొప్పు జారి, జడ ఊడి, దువ్వెన ఎక్కడో పడిపోయింది. "నాకు రాదేమోలెండి" అని ఆవిడ నెమ్మదిగా తలుపు తీసుకుని దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. 'ఆడవాళ్ళకు అంత తొందరగా రాదులే' అనుకుని మాస్టారు సరిపెట్టుకున్నారు. ఊళ్ళో ఎందరో ఆడవాళ్ళకు లైసెన్సులు ఇప్పించిన మనిషి అలా ఎలా అనుకోగలిగాడని అడక్కండి. భర్తలకు కొన్ని విషయాలు స్కూలు గేటు దాకానే గుర్తుంటాయి.

ఒక సాయంత్రం టైలరమ్మ దారం పళ్ళతో కొరికి, తలెత్తకుండా అంది.

"నేను కారు నేర్చుకుందామనుకుంటున్నాను."

"భేషుగ్గా! రేపట్నుంచే మొదలుపెడదాం" అన్నారు మాస్టారు.

"మీ దగ్గర కాదు."

"మరి?"

"జెట్టు బాబాయి దగ్గర."

బల్ల కింద చాపకు కొత్త చిరుగు పడింది.

జెట్టు బాబాయి అంటే ఎదురు స్కూలు ఓనరు. ఊరందరికీ బాబాయే. మాస్టారి బోర్డు మీద 'నిదానమే ప్రధానం' అని ఉంటే, రోడ్డుకు అవతలి పక్క బాబాయి బోర్డు మీద 'ఆలస్యం అమృతం విషం' అని ఉంటుంది. రెండు సూక్తులూ పాతికేళ్ళుగా ఒకదాన్నొకటి గుర్రుగా చూసుకుంటున్నాయి. అలాంటిది మాస్టారి భార్య రోడ్డు దాటి వెళ్ళి అక్కడ చేరడమంటే డాక్టరు పెళ్ళాం జ్వరమొచ్చి ఎదురు డాక్టరు దగ్గరికి వెళ్ళడమే. ఆ తర్వాత మాస్టారు బోర్డు పీకి పొయ్యిలో పెట్టుకోవడమొకటే మిగులుతుంది.

"పరువు తీస్తావటే! ఆ బాబాయి ఏం నేర్పుతాడు? వాడి శిష్యులు రివర్సులో కూడా హారన్ కొడుతూ పోతారు."

"పోతారు కదా. మీ శిష్యులు ఆగుతారు. నాకు బట్టల మూటతో బజారుకు పోవాలి. బస్సులో మూటకు కూడా సీటు అడుగుతున్నాను, జనం తిడుతున్నారు."

"నేను నేర్పుతానన్నానుగా. ఈసారి బ్రేకు ముట్టుకోను. ఒట్టు!"

టైలరమ్మ కళ్ళజోడు పైనుంచి ఆయన్ని కొలిచింది. చొక్కాకు కొలత తీసినట్టు, భుజం నుంచి పాదం దాకా.

"ఒట్లొద్దు. పరీక్ష పెడతాను. మీరు రోజూ కలవరిస్తున్నారే, ఆ రిమోటు కారు, అది కొనుక్కుందాం."

ఆ కలవరింత కథ కొంచెం చెప్పాలి. మాస్టారు డ్రైవింగు నేర్పే మైదానంలోనే ఆదివారాలు రిమోటు కార్ల క్లబ్బువాళ్ళు పాత నీళ్ళ పైపులు వంకర్లు తిప్పి దారిలా పరిచి, మట్టి గుట్టలు పోసి పందేలు పెట్టుకుంటారు. మొదటిసారి మూరెడు కారొకటి మాస్టారి బండి ముందునుంచి కందిరీగలా దూసుకుపోయినప్పుడు ఆయన మామూలుగానే బ్రేకు తొక్కారు. రెండోసారి చూస్తూ నిలబడ్డారు. మూడోసారికి ఆయన నోరు తెరుచుకుంది. లోపల మనిషి లేని వేగం! గుద్దుకుంటే ఎవరి తలా పగలదు, ఎవరి భార్యా ఏడవదు. జన్మంతా ఆపుతూ బతికిన మనిషికి అంతకన్నా స్వర్గం ఏముంటుంది?

"కొని?" అన్నారు మాస్టారు, గొంతులో ఆశ దాచుకోలేక.

"జంట పందెంలో చేరదాం. సగం మీరు నడపండి, సగం నేను. నా సగం అయ్యేదాకా మీ నోట్లోంచి బ్రేకు అన్న మాట రాకూడదు. రాకపోతే మీ దగ్గరే నేర్చుకుంటాను. వచ్చిందా, మర్నాడే బాబాయి దగ్గర చేరతాను."

"ఓస్, అంతేనా!" అన్నారు మాస్టారు. బల్ల కింద కుడికాలు మాత్రం ఏమీ అనలేదు. దానికి సంగతి తెలుసు.

"ఇంకోటి. పందెం అయ్యాక కారు నాది కూడా. మన మెట్ల మీంచి దూకిస్తాను, కంకర్లో తోలతాను, ఇసుకలో పొర్లిస్తాను."

"కారుని పొర్లించడం ఏం సరదా?"

"పొద్దస్తమానం ఇంకొకళ్ళ చొక్కాకు ముడత పడకుండా కుట్టి చూడండి, తెలుస్తుంది."

రిమోటు కార్ల దుకాణం ఓనరు బక్కపల్చటి మనిషి. ముక్కు మీద కళ్ళజోడు, మొహం మీద జాలి. వచ్చినవాళ్ళు కారు కొనడానికి కాక రోగం చూపించుకోవడానికి వచ్చినట్టు మాట్లాడతాడు.

"ఎక్కడ నడుపుతారు?"

"పందెంలో" అన్నారు మాస్టారు.

"మెట్ల మీద" అంది టైలరమ్మ.

ఓనరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పెళ్ళైనప్పట్నుంచి" అంది ఆవిడ.

అతను ఒక నిట్టూర్పు విడిచి, అద్దాల బీరువాలోంచి ఒక కారు తీసి బల్ల మీద పెట్టాడు. నేలను ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉంది. "ఇది అచ్చమైన పందెం కారు. నున్నటి నేల మీద దీన్ని పట్టేవాడు లేడు. గులకరాయి అడ్డం వస్తే మాత్రం దీనికది కొండే. మీ మెట్ల మీంచి దూకిస్తే చీపురూ చేటా పట్టుకుని కింద నిలబడాలి."

మాస్టారి మొహం వాడింది. ఓనరు ఇంకొకటి తీశాడు. చక్రాలు గుమ్మడికాయల్లా ఉన్నాయి, వాటి మీద బండి మంచె మీద కూర్చున్నట్టు ఉంది. "ఇది ట్రక్కు. మేడ మీంచి తోసెయ్యండి, లేచి దులుపుకుని పోతుంది. పందెంలో మలుపు వస్తే మాత్రం దొర్లుతుంది. ఎత్తు ఎక్కువ, బుద్ధి తక్కువ."

"ఇదే ఇచ్చెయ్యండి" అంది టైలరమ్మ.

"అదే ఇవ్వండి" అన్నారు మాస్టారు, మొదటిదాన్ని చూపిస్తూ.

"అవ్వా కావాలి బువ్వా కావాలి అంటే" అంటూ ఓనరు మూడోదాని కోసం వంగాడు. ఈసారి వచ్చింది కారు కాదు, అట్టపెట్టె. "ఇది బగ్గీ. నాలుగు చక్రాలకూ మోటారు బలం అందుతుంది. అంత పొట్టీ కాదు, అంత పొడుగూ కాదు. పొడుగాటి స్ప్రింగులు, ముందు గట్టి బంపరు. పందేనికి ఒక జత టైర్లు, రాళ్ళలోకి ముళ్ళ టైర్లు ఇంకో జత. చెప్పులు మార్చుకున్నట్టే. కాకపోతే కిట్టు, విడి భాగాలుగా వస్తుంది. మీరే బిగించుకోవాలి."

"తయారుగా ఉన్నది లేదా?" అన్నారు మాస్టారు.

"ఉంది. తయారుగా ఉన్నది కొంటే నడపడం వస్తుంది. కిట్టు కొంటే విరిగాక ఏం చెయ్యాలో వస్తుంది. మీ ఆవిడ మాటలు వింటుంటే రెండోదే ముందు అవసరం పడేట్టుంది."

మాస్టారు గొంతు సవరించుకుని, అసలు ప్రశ్న అడిగారు. "బ్రేకు బాగా పడుతుందా?"

టైలరమ్మ కళ్ళు చిట్లించింది. "పందెం ఇంకా మొదలవలేదుగా!" అన్నారు మాస్టారు గాభరాగా.

ఆవిడ ఆయన్ని వదిలేసి ఓనరు వైపు తిరిగింది. "విరిగితే ముక్కలు ఇక్కడ దొరుకుతాయా?"

ఓనరు మొహంలో మొదటిసారి జాలి స్థానంలో గౌరవం కనిపించింది. వెనక గోడకు వేలాడుతున్న చిన్న చిన్న సంచుల వరసలు చూపించాడు. "చక్రాన్ని పట్టుకునే ఈ ప్లాస్టిక్ చెయ్యి ఉందే, మొదట విరిగేది ఇదే. బగ్గీది ఎప్పుడూ ఉంచుతాను. ఆ పొట్టిదానికి తెప్పించాలంటే, అది వచ్చేలోపు వేసుకున్న చొక్కా చిరిగిపోతుంది."

దాంతో బగ్గీ ఖాయమైంది. డబ్బా కట్టిస్తుండగా ఓనరు రిమోటు చూపించాడు. పిస్టల్‌లా ఉంది. వేలితో మీట నొక్కితే పరుగు, ముందుకు తోస్తే బ్రేకు, పక్కనున్న చక్రం తిప్పితే మలుపు. "ఇదిగో, ఇక్కడ రేడియోలో సౌండు తగ్గించుకునేదానిలాంటి చిన్న మర ఉంది. ఎడమకు తిప్పారంటే ఎంత నొక్కినా కారు సగం వేగం దాటదు. కొత్తవాళ్ళ కోసం."

అప్పటికి టైలరమ్మ టైర్లు గిల్లి చూస్తోంది, వినలేదు. మాస్టారు విన్నారు. జాతరలో తప్పిపోయిన తమ్ముడు కనిపించినట్టు ఆ మరను చూశారు.

కారు బిగించడం కుట్టు బల్ల మీదే జరిగింది. మాస్టారు స్క్రూలు వేరుచేస్తే ఆవిడ బిగించేది. ఒక స్క్రూ గుండీల డబ్బాలో పడి, ఒక పెద్దమనిషి చొక్కాకు మూడో గుండీగా స్థిరపడే ప్రమాదం వెంట్రుకవాసిలో తప్పింది. గేర్లకు జిడ్డు పూసేటప్పుడు ఇద్దరూ తలలు కలిపి వంగి కూర్చుంటే, దారినపోయేవాళ్ళు ఏదో ఆపరేషన్ జరుగుతోందనుకున్నారు.

తర్వాత ఇంటి ముందు ఖాళీస్థలంలో సాధన మొదలైంది. మాస్టారి చేతిలో కారు బాణంలా పోయేది. ఆయన పిల్లాడిలా కేకలు పెట్టేవారు. ఆవిడకు రిమోటు ఇచ్చే ముందు బొటనవేలితో మరను ఎడమకు ఒక్క తోపు తోసేవారు. ఇందులో తప్పేమీ ఆయనకు కనిపించలేదు. నోటి గురించి మాటిచ్చారు, వేలి గురించి ఎవరూ అడగలేదు. పైగా నోరు ఎంత నిమ్మళంగా ఉందో! ఆవిడ మలుపు తిప్పుతుంటే ఆయన దూరంగా చూస్తూ ఈల కూడా వేశారు. తన నిగ్రహానికి తనే ముచ్చటపడ్డారు.

ముచ్చట పడనిది టైలరమ్మే.

"నా చేతికి రాగానే దీనికి ముసలితనం వచ్చేస్తుందేమిటండీ?"

"చెయ్యి తిరగాలి మరి" అన్నారు మాస్టారు, ఆకాశం వైపు చూస్తూ.

ఆవిడ పట్టు వదల్లేదు. మీట చివరి దాకా నొక్కింది. మెట్టు మీంచి దూకించబోతే కారు దూకలేదు, వృద్ధులు బస్సు దిగినట్టు ముందు ఒక చక్రం, తర్వాత ఒక చక్రం కిందపెట్టి దిగింది. పందేనికి ముందురోజు సాయంత్రం ఆవిడ మెట్ల మీద కూర్చుండిపోయి, రిమోటు ఒళ్ళో పెట్టుకుని అంది.

"నాకు రాదేమోలెండి."

మాస్టారి ఈల మధ్యలో ఆగిపోయింది. ఆ మాట, ఆ గొంతు, ఆ 'లెండి', అన్నీ ఆయనకు బాగా తెలిసినవే. ఇన్నేళ్ళూ అది ఆవిడ చేతగానితనమని అనుకుని హాయిగా నిద్రపోయారు. ఇప్పుడు ఆ మాట వెనక తన బొటనవేలు ఉందని తెలిసేసరికి, అప్పుడు ఏముందో కూడా తెలిసిపోయింది. 'వస్తుందిలే' అందామనుకునేలోపే ఆవిడ రిమోటు పక్కనపెట్టి లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. ఆ రోజు ఆ మిషను చప్పుడు వింటుంటే ఆయనకు చెవులు మూసుకోవాలనిపించింది.

ఆదివారం మైదానం కిటకిటలాడింది. నడిపేవాళ్ళందరూ నిలబడటానికి ఒక చెక్క వేదిక వేశారు. నియమం సులువే: సగం పందెం అయ్యాక కూత వేస్తారు, అప్పుడు రిమోటు చేతులు మారాలి. మాస్టారి పక్కనే జెట్టు బాబాయి, ఆయన బావమరిది వచ్చి నిలబడ్డారు. బాబాయి కారుకు మంటల బొమ్మలు అతికించారు. బాబాయికి కొత్త చెప్పులు కూడా.

"ఏమ్మా టైలరమ్మా, రేపటికి సీటు దులిపి ఉంచమంటావా?" అన్నాడు బాబాయి పళ్ళన్నీ బయటపెట్టి. ఊళ్ళో రహస్యాలు ఆయన బండి కన్నా వేగంగా తిరుగుతాయి.

"దులిపి ఉంచండి బాబాయిగారూ, దుమ్ము ఎప్పటికైనా దులపాల్సిందేగా" అంది ఆవిడ. గొంతులో మాత్రం హుషారు లేదు.

పందెం మొదలైంది. మాస్టారు తన సగం నడిపారు. ఎలా నడిపారంటే, క్లబ్బువాళ్ళే నోళ్ళు వెళ్ళబెట్టారు. ప్రతి మలుపు దగ్గరా కుడికాలితో వేదికను తొక్కుతూ, వేలితో మీటను నొక్కుతూ, కింద ఒక మనిషి పైన ఒక మనిషిలా రెండో స్థానంలోకి వచ్చారు. కూత పడింది.

రిమోటు ఆవిడకు అందించారు. బొటనవేలు అలవాటు ప్రకారం మర మీదికి వెళ్ళింది. అక్కడ ఆగింది. పక్కన బాబాయి చూస్తున్నాడు, ఎదురుగా ఆవిడ చూస్తోంది. మాస్టారు మింగుడుపడని మాత్ర మింగినట్టు మొహం పెట్టారు.

"ఇదిగో, ఈ మర. ఎడమకు తిప్పితే సగమే పోతుంది. ఇన్నాళ్ళూ నీ వంతు వచ్చినప్పుడు నేను తిప్పి ఉంచాను. నీకు రాకపోవడం కాదు. ఇప్పుడు తిప్పలేదు. పూర్తిగా ఉంది."

టైలరమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కత్తెర ఉంది. కానీ కింద కారు ఊరికే దొర్లుకుంటూ గడ్డిలోకి పోతోంది, తగాదాకు వ్యవధి లేదు.

"ఇంటికెళ్ళాక చెప్తాను మీ పని" అని ఆవిడ మీట నొక్కింది.

కారు ఉలిక్కిపడి లేచింది. గడ్డిలోంచి పైపుల మధ్య దారెక్కింది. మొదటి మలుపు ఆవిడ ఎలా తిప్పిందంటే, చొక్కా కాలరు కుట్టినట్టు: ముందు కాస్త వదిలి, వంపులో వేలు నిలిపి, తిన్నగా రాగానే వదలకుండా నొక్కి. రెండో మలుపూ అంతే. ఒక కారును దాటింది. మంటల కారు వెనకే చేరింది. ఎదురుగా చివరి మట్టి గుట్ట, దాని అవతలే ముగింపు గీత. గుట్ట ఎక్కే ముందు ఎవరైనా కాస్త తగ్గిస్తారు. ఆవిడ తగ్గించలేదు.

మాస్టారి నాలుక మీద ఆ మాట వచ్చి కూర్చుంది. పళ్ళు బిగించారు. పెదవులు బిగించారు. రెండు చేతులతో నోరు మూసుకున్నారు. ముఖం వంకాయ రంగుకు తిరిగింది. నోటి దగ్గర దారి మూసుకుపోయిన ఆ మాట, నీళ్ళు పల్లం వెతుక్కున్నట్టు, వెన్నులోంచి తొడలోకి, తొడలోంచి పాదంలోకి దిగింది. కుడికాలు జన్మలో తొక్కనంత గట్టిగా తొక్కింది. దాని కింద ఉన్నది జెట్టు బాబాయి కొత్త చెప్పు.

"ఓరి నాయనో! బ్రేకు! బ్రేకు వదలవయ్యా మగడా!" అని బాబాయి మైదానం మారుమోగేలా అరిచాడు.

తన జీవితంలో ఆ మాట అంత మనస్ఫూర్తిగా ఆయన ఎన్నడూ అని ఉండడు. వినగానే రిమోటు పట్టుకున్న బావమరిది ఉలిక్కిపడి మీటను ముందుకు తోసేసరికి, మంటల కారు ఉన్నచోటే ఆగిపోయింది. బగ్గీ గుట్ట మీంచి లేచి, నేల విడిచి సాము చేస్తూ, దాని నెత్తి మీదుగా ఎగిరి, వెల్లకిలా పడి, నాలుగు చక్రాలూ గాల్లో తిప్పుకుంటూ, ఒక చెయ్యి విరగ్గొట్టుకుని, ముగింపు గీత దాటి జారుకుంటూ పోయి ఆగింది.

తలకిందులుగా దాటితే దాటినట్టా కాదా అని క్లబ్బు పెద్దలు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. కారు గీత దాటాలని నియమం ఉంది గాని ఏ వైపు పైకుండాలో లేదు. చివరకు బహుమతి వేరెవరికో పోయింది. మాస్టారి జంటకు చప్పట్లు మిగిలాయి. టైలరమ్మ అవేవీ వినలేదు. విరిగిన కారును చంకలో పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. "ఎగిరిందండీ! చూశారా? ఎగిరింది!"

"చూశాను" అన్నారు మాస్టారు, నోటి మీంచి చేతులు తీస్తూ.

బాబాయి కుంటుకుంటూ వచ్చాడు. "అమ్మా, బ్రేకేశాడు. నా కాలే సాక్ష్యం. ఓడిపోయాడు, రేపు వచ్చి చేరిపో."

"మాట ఎవరి నోట్లోంచి వచ్చింది బాబాయిగారూ?" అంది ఆవిడ.

బాబాయి నలిగిన చెప్పు చేత్తో పట్టుకుని, వచ్చినట్టే కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

తీర్పు ఇంటి మెట్ల మీద కూర్చుని చెప్పింది టైలరమ్మ, బగ్గీకి కొత్త చెయ్యి బిగిస్తూ. "నోరు గెలిచింది. కాబట్టి మీ దగ్గరే నేర్చుకుంటాను. బొటనవేలు దొంగపని చేసింది గాని అదే వచ్చి ఒప్పుకుంది. అందుకని దాన్ని వదిలేస్తున్నాను. కాలు సంగతే తేలాలి."

"కాలు నా మాట వినదే" అన్నారు మాస్టారు దీనంగా.

"అయితే దాన్ని కట్టడి చెయ్యాలి."

మర్నాడు మైదానంలో స్కూలు కారు కనిపించింది. స్టీరింగు ముందు టైలరమ్మ. వెనకసీట్లో బట్టల మూట. పక్కసీట్లో మాస్టారు. కాళ్ళు రెండూ పైకి మడిచి, బాసిపట్టు వేసుకుని, ఋషిలా కూర్చున్నారు. సీటు బెల్టు మీదుగా ఆవిడ మెడలోంచి తీసిన కొలతల టేపుతో మోకాళ్ళు కూడా కట్టేసి ఉన్నాయి. ఎదురు స్కూలు బండిలోంచి బాబాయి, కట్టు కట్టిన కాలు బయటపెట్టుకుని, ఇదంతా చూస్తున్నాడు.

మొదటి గేరులో కదిలింది. రెండోది పడింది. మాస్టారి మోకాలు టేపు కింద ఒక్కసారి ఎగిరింది, సద్దుమణిగింది. మలుపు వచ్చింది. ఆవిడ కాలరు కుట్టినట్టు తిప్పింది. ముందు తిన్నటి ఖాళీ నేల.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఈ ప్రశ్నకు ఆయన దగ్గర ఒక్కటే జవాబు ఉండేది. అది కాక ఇంకోటి వెతికి తీయడానికి కొంచెం సేపు పట్టింది.

"మూడో గేరు" అన్నారు.

ఆవిడ వేసింది. ఇన్నేళ్ళూ ఎవరూ పిలవక తుప్పు పట్టిన దూరపు చుట్టం ఒక్కసారి కీచుమని, గొంతు సవరించుకుని, లోపలికి వచ్చింది.